పీఠం వేరు, సాక్ష్యం వేరు: విశాఖలో నిలబడి చూస్తే వివాదాస్పద కట్టడాల సంగతి

విశాఖ పాతనగరంలోని యూరోపియన్ల శ్మశానంలో ఒక రాతి స్తంభం ఉంది. 1780 అక్టోబర్ 3న ఈ ఊళ్లో చనిపోయిన ఈస్టిండియా కంపెనీ అధికారుల జ్ఞాపకార్థం నిలబెట్టారు. వాళ్లు జబ్బు చేసి పోలేదు, పరాయి సైన్యం చేతిలోనూ పోలేదు. తమ దగ్గర కొలువు చేస్తున్న సిపాయిలే కాల్చి చంపారు. అప్పుడు మద్రాసు వైపు హైదర్ అలీతో యుద్ధం ముదిరి ఉంది. అక్కడ కంపెనీకి మనుషులు చాలడం లేదు, ఓడెక్కి వెళ్లండని ఇక్కడి సిపాయిలకు ఆజ్ఞ వచ్చింది. మేం ఎక్కం అన్నారు వాళ్లు. ఊరు, పెళ్లాంబిడ్డలను వదిలి సముద్రం మీద పోవడం వాళ్లకు ఇష్టం లేదు. చివరికి తుపాకులు పేలాయి. 1857కి 77 ఏళ్ల ముందు మాట ఇది.

ఇప్పుడు ఈ స్తంభాన్ని ఏం చేయాలి? వలసపాలకుల స్మారకం కదా అని తీసేయవచ్చు. తీసేస్తే ఆ తిరుగుబాటు కూడా దాంతోపాటే పోతుంది. ఆ రోజుల్లో సిపాయిల జ్ఞాపకార్థం రాయి నిలబెట్టినవాడు ఎవడూ లేడు. ఎదురుతిరిగినవాళ్ల సంగతి, చచ్చిన దొరల రాయి దగ్గరే తెలుసుకోవాల్సి వస్తోంది. కంపెనీ తన వాళ్ల మీద ప్రేమతో నిలబెట్టిన రాయి, ఇన్నేళ్లకు అవతలి పక్షం తరఫున సాక్ష్యం చెబుతోంది.

టీవీ చర్చల్లో ఈ విషయం ఎప్పుడొచ్చినా రెండు కుర్చీలే వేస్తారు. ఒకాయన "బానిసత్వపు గుర్తులు, పీకి పారేయాలి" అంటాడు. ఇంకొకాయన "చరిత్రను చెరిపేస్తారా" అని గయ్‌మంటాడు. గంటసేపు అరుచుకున్నా తేలదు, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడేది ఒకే విషయం గురించి కాదు. స్మారకం ఏదైనా రెండు పనులు చేస్తుంది. నలుగురు తిరిగేచోట పీఠమెక్కి "ఈయనకు దణ్ణం పెట్టు" అని చెప్పడం ఒకటి. "ఇక్కడ ఇలాంటిది జరిగింది, ఇలాంటి మనుషులు ఉండేవారు" అని సాక్ష్యం చెప్పడం రెండోది. మొదటి పనిని ఆపించే హక్కు ఏ తరానికైనా ఉంది. రెండోదాన్ని మాయం చేసే హక్కు ఏ తరానికీ లేదు. నా వాదన ఇంతే. కాకపోతే ఒక్కో రాయి దగ్గరకు వెళ్లి చూస్తే లెక్క అంత తేలిగ్గా తేలదు.

ఎవరి బొమ్మ, ఎవరి గొప్ప

వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ ప్రాంతంలో, మండపం కింద విక్టోరియా రాణి కంచు విగ్రహం ఉంది. జనం రాణి బొమ్మ అనేస్తారు. 20వ శతాబ్దం తొలినాళ్ల నాటిది. చుట్టూ దుకాణాలు, బళ్లు, కరెంటు తీగలు, సరుకు దించే ఆటోలు. పనిమీద వెళ్లేవాళ్లు తలెత్తి చూడరు. ఆ రాణి తన జీవితంలో ఒక్కసారి కూడా భారతదేశంలో అడుగు పెట్టలేదు, విశాఖ ఎక్కడుందో ఆవిడకు తెలుసో లేదో. అలాంటప్పుడు ఈ విగ్రహం ఆవిడ గురించి మనకు చెప్పేదేముంది? ఏమీ లేదు.

అది చెప్పేది అప్పటి మన ఊరి పెద్దల గురించి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక ఈ జిల్లాలో జమీందారీలు దొరల కటాక్షం మీదే నిలబడ్డాయి. శిస్తు గడువులోపు కట్టాలి, లేకపోతే జమీ వేలానికి పోతుంది. కలెక్టరు మెచ్చుకోవాలి, గవర్నరు దర్బారులో కుర్చీ దొరకాలి, పేరు ముందు ఒక బిరుదు రావాలి. మద్రాసు రాజధాని పొడుగునా వెలిసిన విగ్రహాలు, టౌన్‌హాళ్లు, ఆసుపత్రి వార్డుల వెనక ఈ లెక్క ఉంది. రైతు దగ్గర పిండిన శిస్తులో ఒక పిసరు రాణిగారి కంచు కిరీటంలోకి పోయింది. నాకు ఆ విగ్రహంలో కనిపించేది ఆ వ్యవహారం. అది తెలియాల్సిన సంగతే, దాచాల్సినది కాదు.

స్మారకాల గురించి జనం మరిచిపోయే విషయం ఇదే. అవి ఏ కాలం గురించి చెబుతున్నట్టు కనిపిస్తాయో, ఆ కాలానివి కావు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. కోట ఉన్నచోట స్తంభం లేచింది 1891లో, అంటే 134 ఏళ్లకు. యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న వంశం, మళ్లీ నిలదొక్కుకుని, సాటి సంస్థానాల మధ్య తలెత్తుకు తిరుగుతున్న రోజులవి. ఆ స్తంభంలో 1757 ఎంత ఉందో 1891 కూడా అంతే ఉంది. అమెరికాలో నల్లవాళ్లను బానిసలుగా ఉంచడానికి పోరాడిన దక్షిణాది సేనాధిపతుల విగ్రహాలు కూడా ఇంతే. యుద్ధం 1865లో ముగిసింది. విగ్రహాల్లో ఎక్కువ భాగం 1890 తర్వాత, నల్లవాళ్ల ఓటుహక్కును ఒక్కో చట్టంతో పీకేస్తున్న కాలంలో లేచాయి. అవి చనిపోయినవాళ్ల కోసం పెట్టినవని ఎవరైనా అంటే, నేను నమ్మను. బతికున్నవాళ్లను భయపెట్టడానికి పెట్టినవి.

వాడకంలో ఉన్న కట్టడం సంగతి వేరు. కింగ్ జార్జ్ హాస్పిటల్ 1923లో మొదలైంది, పేరు అయిదో జార్జిది. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి రాత్రికి రాత్రి అంబులెన్సులో వచ్చేవాళ్లకు అది కేజీహెచ్, అంతే. ఆ మూడక్షరాల్లో రాజు ఎప్పుడో అరిగిపోయాడు. వందేళ్లుగా జనం కాన్పులకు, కట్లకు, పోస్టుమార్టాలకు వాడుకున్న ఇల్లు అది, ఇప్పుడు జనానిదే. అక్కడ బోర్డు మారిస్తే మందులు రావు, మార్చకపోతే పరువూ పోదు.

నీల్ దొర, కోల్‌స్టన్ దొర

తీసేయడమే న్యాయం అనిపించే సందర్భాలు ఉన్నాయి. మద్రాసు మౌంట్ రోడ్డు మీద 1861లో కల్నల్ జేమ్స్ నీల్ విగ్రహం పెట్టారు. 1857లో అలహాబాద్, కాన్పూర్ ప్రాంతాల్లో అతను చేసింది యుద్ధం కాదు. విచారణ లేకుండా జనాన్ని వరసపెట్టి ఉరితీయించాడు. కాన్పూర్‌లో ఖైదీలను ఉరికి ముందు నెత్తురు నాకించాడు. అలాంటివాడు మద్రాసు నడిబొడ్డున గుర్తొచ్చేలా నిలబడి ఉంటే, కింద నడిచేవాడికి అది చరిత్ర పాఠం కాదు, రోజూ పడే చెంపదెబ్బ.

1927లో వలంటీర్లు సుత్తులు, గొడ్డళ్లు పట్టుకుని ఆ విగ్రహం దగ్గరకు వెళ్లి, ఓ దెబ్బ వేసి, పోలీసులకు లొంగిపోవడం మొదలుపెట్టారు. దాన్నే నీల్ విగ్రహ సత్యాగ్రహం అన్నారు. హింస లేకుండా నడపమని గాంధీ సలహా ఇచ్చారు. శాసనమండలిలో తీర్మానం నెగ్గలేదు. విగ్రహం అలాగే ఉండిపోయింది. పదేళ్ల తర్వాత, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దాన్ని తీసి మ్యూజియానికి చేర్చారు. మన జిల్లా కూడా అప్పట్లో ఆ రాజధాని కిందిదే కాబట్టి, ఈ విషయంలో మనకు పాత అనుభవం ఉందనే చెప్పుకోవచ్చు. విగ్రహం పగలలేదు. పీఠం దిగింది. సాక్ష్యం మిగిలింది. నీల్ పేరు ఈరోజు ఎవరికైనా తెలుసంటే, ఆ విగ్రహం ఉన్నందుకు కాదు, దాన్ని దింపడానికి జరిగిన గొడవ వల్ల. "తీసేస్తే చరిత్ర మరిచిపోతారు" అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊళ్లో కథ ఇంకోలా నడిచింది. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ ఆ ఊరికి దానధర్మాలు చేసిన వ్యాపారి. అతను పెద్ద హోదాలో ఉన్న రాయల్ ఆఫ్రికన్ కంపెనీ, అతని కాలంలో దాదాపు 84,000 మంది ఆఫ్రికా మనుషులను బానిసలుగా ఓడలకెక్కించింది. 1721లో చనిపోతే, 1895లో విగ్రహం పెట్టారు. ఊళ్లో చాలామంది ఏళ్ల తరబడి అడిగింది ఏమంత పెద్ద కోరిక కాదు. కింద బానిస వ్యాపారం సంగతి కూడా రాసి ఒక ఫలకం పెట్టండి అన్నారు. 2018లో కార్పొరేషన్ ఒప్పుకుంది. ఆ తర్వాత ఫలకంలో ఏ మాట ఉండాలన్న దగ్గర పేచీ మొదలైంది. ఆయన్ను అభిమానించే సంపన్నుల సంఘం ఒక్కో వాక్యాన్ని మెత్తబరుస్తూ పోయింది. మసిపూసి మారేడుకాయ చేసిన ఆ రాత మాకొద్దని 2019లో మేయరే ఆపేశారు. 2020 జూన్ 7న జనం తాళ్లు వేసి లాగి, విగ్రహాన్ని దొర్లించుకుంటూ పోయి రేవులో పడేశారు.

గుంపు చేసిన పనిని నేను సమర్థించను. కానీ గుంపు ఎక్కడి నుంచి ఊడిపడింది? పద్ధతిగా అడిగినవాళ్లను రెండేళ్లు తిప్పించుకున్న దగ్గర నుంచి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది ఆ పెద్దమనుషులే. తర్వాత ఆ ఊరు మాత్రం తెలివైన పని చేసింది. విగ్రహాన్ని నీళ్లలోంచి తీసి, మీద పడిన రంగు కడగకుండా, మ్యూజియంలో పడుకోబెట్టి చూపించింది. మన నీల్ విగ్రహం కంటే అది మంచి సాక్ష్యం. ఎందుకంటే అందులో మనిషి ఉన్నాడు, అతని మీద కోపం కూడా ఉంది.

సమాధులు, ఒక రోడ్డు

పీఠానికి, సమాధికి ఉన్న తేడా మన మన్యం అంచున బాగా అర్థమవుతుంది. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర అల్లూరి సీతారామరాజు దళం చేసిన మెరుపుదాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిషువాళ్లు పట్టుకుని కాల్చి చంపిన సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఒకే పోరాటపు రెండు కొసలు. మొదటివి పగలగొడితే రెండోదాని బరువు తగ్గుతుంది. ఎదుట నిలిచింది ఎవరో తెలియకపోతే ఎదిరించినవాడి కథ సగమే. పైగా సమాధి ఎవరినీ దణ్ణం పెట్టమనదు. దాని జోలికి వెళ్లడంలో మగతనం లేదు.

ఆ తిరుగుబాటుకు అసలు స్మారకం ఇంకోటి ఉందని నా అభిప్రాయం. నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లే ఘాట్ రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసులతో ఈ దారి పని చేయించాడు. కూలి చాలీచాలకుండా ఇచ్చాడు, అడిగినవాళ్లను బాదించాడు. అప్పటికే 1882 అటవీ చట్టంతో పోడు వ్యవసాయానికి, కలపకు, పశువుల మేతకు అడ్డుకట్ట పడి కడుపు మండి ఉన్నారు. ఈ రోడ్డు పని ఆ మంట మీద నూనె పోసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి జరగడానికి వెనక ఈ మట్టి తవ్విన చేతులున్నాయి.

ఇప్పుడు శీతాకాలం వచ్చిందంటే విశాఖ నుంచి కార్లు, బైకులు బారులు తీరి ఆ దారినే లంబసింగి మంచు చూడటానికి పోతాయి. మలుపుల దగ్గర సెల్ఫీలు, వేడివేడి టీ. ఆ రోడ్డును ఎవరూ వివాదాస్పదం అనరు, తవ్వేయాలనీ అనరు, అనకూడదు కూడా. కానీ విక్టోరియా విగ్రహం మీద ఆవేశపడే మనిషి, ఆ ఘాట్ మీద బాస్టియన్ పేరు వినకుండానే దిగి వచ్చేస్తున్నాడు. కంచులో పోత పోసినదే స్మారకం అనుకుంటే వచ్చే చిక్కు ఇదే. మరో సంగతి, ఆ పోరులో రాజు వెంట ప్రాణాలొడ్డిన గాం గంటం దొర, మల్లు దొరల విగ్రహాలు మైదానపు ఊళ్ల కూడళ్లలో ఎన్ని చూశారు? రాజుకు మాత్రం 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టుకున్నాం. మంచిదే. ఏది తీయాలి అనే వాదన ఎంత చేసినా, ఏది పెట్టలేదు అన్న ప్రశ్న దగ్గరకు రాకపోతే అది సగం వాదనే.

రాళ్లు రువ్విన కొండ

అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. కొండను తొలిచిన గుహలు, లోపల బుద్ధుడి శిల్పాలు, ఒకే రాతిలో మలిచిన స్తూపాలు వరసలు వరసలుగా. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వించాడు, ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇక్కడ చాలాకాలం ఒక ఆచారం నడిచింది. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ల జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చి, కొండ మీది పొట్ట ఉన్న ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు వేసేవాళ్లు. పిల్లలకు సరదా, పెద్దలకు మొక్కు.

రాయి వేసిన ఏ ఒక్కరికీ బుద్ధుడి మీద కక్ష లేదు. అక్కడ ఏముండేదో గుర్తు పోయింది, రాయి వేయాలన్న అలవాటు మాత్రం మిగిలింది. ఒకప్పుడు భిక్షువులు చదువుకున్న చోటు తర్వాతి తరాల నోట రాక్షసుడి కొండ అయిపోయింది. ఎందుకు కోపమో తెలియని కోపం ఇలా వందల ఏళ్లు బతకగలదు. పాత కట్టడాల రక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్లు, పురావస్తు శాఖ, పోలీసులు పండగపూట కాపలా ఉండి, ఊళ్లవాళ్లతో మాట్లాడి మెల్లగా మాన్పించారు. జనం కనుమకు ఇప్పటికీ వస్తారు, రాళ్లు వేయరు. ఊరివాళ్లకు చెబితే వినరు అనేది పట్నంవాళ్ల అపోహ.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది, కారణం బాగా తెలిసిన కోపం. 2011 మార్చి 10న హైదరాబాద్‌లో మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలాయి. అందులో శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు, మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ఉన్నారు. ఆ వార్త విని ఇక్కడ చాలామందికి కడుపు తరుక్కుపోయింది. కష్టజీవి పక్షాన నిలిచిన కవిని కూలుస్తారా అన్నారు. ఆ బాధ నిజం. కానీ కూల్చినవాళ్ల కోపం శ్రీశ్రీ కవిత్వం మీద కాదు. 1980ల్లో ప్రభుత్వం "తెలుగువెలుగులు" ఎవరో జాబితా వేసినప్పుడు, తెలంగాణ నేల మీద, తెలంగాణ చెరువుగట్టు మీద, తెలంగాణ మనుషులు ఎంతమంది ఉన్నారన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్న సరైనదే, పడిన దెబ్బ తప్పు మనిషికి. విగ్రహాలను తర్వాత ప్రభుత్వమే మళ్లీ నిలబెట్టింది. రాష్ట్రం విడిపోయాక కూడా అవి అక్కడే ఉన్నాయి, ఎవరూ వాటి జోలికి పోలేదు. అడిగింది దక్కాక కోపం చల్లారిందన్నమాట.

కాబట్టి కట్టడం వయసు కంటే, దాని వెనక గాయం ఇంకా పచ్చిగా ఉందా అన్నది చూడాలి. రాయలవారే ఈ గడ్డను ఏలిన గజపతుల మీదికి దండెత్తి వచ్చి గెలిచిన రాజు. భీమిలి దగ్గర పొట్నూరులో జయస్తంభం వేయించాడని చెప్పుకుంటాం, సింహాచలంలో ఆయన శాసనాలు చూపించి గర్వపడతాం. అయిదు వందల ఏళ్ల కిందట ఇక్కడివాళ్లకు ఆయన శత్రువు. ఆ ఓటమి భారం ఈరోజు మోసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ రాయి కుట్టదు.

మ్యూజియం, ఫలకం అనే తప్పించుకునే దారులు

గొడవ వచ్చినప్పుడల్లా మధ్యేమార్గం పెద్దలు రెండు సలహాలిస్తారు. మ్యూజియంలో పెట్టేద్దాం, లేదా పక్కన వివరం రాసి ఫలకం పెడదాం. రెండూ మంచివే, రెండూ తరచుగా మోసమే. మ్యూజియంలో పెట్టడమంటే చాలాసార్లు అటకెక్కించడం. ఇండియా గేట్ దగ్గరి ఛత్రి (గొడుగులాంటి రాతి మండపం) కింద నుంచి అయిదో జార్జి విగ్రహాన్ని 1968లో తీసి ఢిల్లీ శివారు కొరొనేషన్ పార్కులో పెట్టారు. ఆ పార్కు చాలా ఏళ్లు ముళ్లకంపల మధ్యే ఉంది. దానికంటే నాకు నచ్చింది, తర్వాత 54 ఏళ్లపాటు ఖాళీగా ఉన్న ఆ ఛత్రి. రాజు ఉండేవాడు, పోయాడు అన్న సంగతి ఖాళీ చోటు చెప్పినంత బాగా ఏ విగ్రహమూ చెప్పదు. 2022 సెప్టెంబర్‌లో అక్కడ 28 అడుగుల నేతాజీ విగ్రహం వచ్చింది. నేతాజీకి తగిన చోటే, కాకపోతే ఆ ఖాళీ మాట్లాడటం ఆగిపోయింది.

ఫలకం విషయానికొస్తే, ఎండలో నిలబడి ఇంగ్లీషులో నలభై వరసలు చదివేవాడు ఎవడు? పెడితే తెలుగులో, నాలుగే నాలుగు వాక్యాలు. ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో, అప్పుడు ఎవరి నోరు నొక్కారు. బ్రిస్టల్‌లో లాగ పొగిడేవాళ్లను, గాయపడ్డవాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి "ఇద్దరికీ నచ్చేట్టు రాయండి" అంటే ఆ రాతలో ఏమీ మిగలదు. జరిగింది జరిగినట్టు రాయాలి, అది ఆధారాలు చదివినవాళ్ల పని.

ఉంచడం అంటే ఊరికే వదిలేయడం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. విశాఖ గాలికి ఏ రాయీ ఊరికే నిలవదు. పాత కట్టడాలు సున్నపు గచ్చుతో కట్టినవి. ఆ గచ్చు తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. బాగుచేయిస్తున్నాం కదా అని దాని మీద సిమెంటు మెత్తితే లోపల తేమ, ఉప్పు చిక్కుకుపోయి, రెండు మూడు వానాకాలాలకు ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. మెత్తిన సిమెంటు మాత్రం చెక్కుచెదరదు, లోపలిది పిండి అయిపోతుంది. కంచు విగ్రహానికి జయంతి ముందురోజు బంగారు రంగు పెయింటు కొట్టడం ఇంకో అలవాటు. పోత పోసినవాడు మలిచిన ముడతలు, కనురెప్పలు అన్నీ ఆ రంగు కింద పూడిపోతాయి. కోపంతో కూల్చిన కట్టడాల కంటే ఇలా ప్రేమతో పాడుచేసినవి, నిర్లక్ష్యంతో కూలనిచ్చినవి, అపార్ట్‌మెంటు కోసం రాత్రికి రాత్రి నేలమట్టం చేసినవి మన పాతనగరాల్లో ఎక్కువ. వాటికి వివాదం ఉండదు కాబట్టి వార్త కూడా ఉండదు.

చట్టం ఏమంటుంది

చట్టం వరకు చూస్తే, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం నూరేళ్లు దాటినవాటిలో కేంద్రం జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటించినవాటిని కాపాడుతుంది. 2010 సవరణ ప్రకారం వాటి చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్లు అనుమతితోనే. రాష్ట్రానికి 1960 నాటి సొంత చట్టం ఉంది. ఈ జాబితాల్లో లేని కట్టడం ఎంత పాతదైనా దాని తలరాత రాసేది కార్పొరేషన్, లేదా ఆస్తి యజమాని. శంకరం గుహలకు చట్టం ఉంది. ఏ జాబితాకూ ఎక్కని నూరేళ్ల పెంకుటిల్లుకు ఏ చట్టమూ లేదు.

కొత్త విగ్రహాలకూ ఒక అడ్డు ఉంది. రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజలు వాడుకునే చోట్ల విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం వచ్చాక మన కూడళ్లలో ఎన్ని కొత్త పీఠాలు లేచాయో మీ వీధి చివర నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. ఎన్నికల కోడ్ రాగానే వాటికి గుడ్డలు చుడతారు, ఫలితాలు రాగానే విప్పుతారు. ప్రభుత్వం మారితే శిలాఫలకాలు పగులుతాయి, పేర్లు మారతాయి. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఒక పేరు తీసి ఇంకోటి పెట్టారు, 2024లో మళ్లీ మొదటిది తెచ్చారు. ఇప్పుడు ఎవరినీ అడగకుండా పెడుతున్న ఈ విగ్రహాల్లో కొన్ని రేపు మన మనవలకు తలనొప్పి కాబోతున్నాయి. పెట్టేటప్పుడు లేని చర్చ, తీసేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే నేను అడిగేది ఒక పద్ధతి. పెట్టాలన్నా, తీయాలన్నా కార్పొరేషన్ నోటీసు ఇవ్వాలి, తెలుగులో. అభ్యంతరాలకు మూడు నెలల గడువు ఉండాలి. ఆ చుట్టుపక్కల బతికేవాళ్లను, ఆ చరిత్రలో దెబ్బతిన్నవాళ్ల వారసులను విడిగా పిలిచి వినాలి. నిర్ణయం, దానికి కారణాలు రాతలో ఉండాలి. తీసినదాన్ని ఎక్కడ పెడతారు, కాపలాకు ఏటా ఎంత ఖర్చు, ఆ పద్దు ఎవరిది అన్నది తీయకముందే తేలాలి. పోలీసు బందోబస్తుతో తెల్లవారుజామున మూడింటికి జేసీబీ వచ్చే పనికి నేను వ్యతిరేకం, అది తీసేది ఎంత చెడ్డవాడి విగ్రహమైనా సరే.

ఈ పద్ధతిలో వన్‌టౌన్ రాణి బొమ్మ వంతు వస్తే నేను చెప్పేది ఇది. మండపాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, సిమెంటు అసలే వద్దు. విగ్రహం ఉండనివ్వండి, పక్కన జమీందారుల కానుకల సంగతి, శిస్తు సంగతి తెలుగులో రాయించండి. అక్కడ రోజూ బళ్లు పెట్టుకుని బతికేవాళ్లు "మాకు ఆ రాణి నెత్తిమీద వద్దు" అని పద్ధతిగా అడిగితే, దింపి విశాఖ మ్యూజియంలో నేల మీద, మన ఎత్తులో నిలబెట్టండి. అప్పుడు నేను అడ్డుపడను.